చిత్రశాల గోడలోని యక్షుడు

పాలవెల్లి రాజ్యానికి ఒక విచిత్రమైన కష్టం వచ్చింది. అక్కడ ఏ బట్ట చూసినా హంసల అద్దకమే. పెళ్ళికూతురి చీర మీద హంసలు, పూజారి ఉత్తరీయం మీద హంసలు, చివరికి పసిపిల్లల పొత్తిళ్ళ మీద కూడా హంసలే. తాతల నాటి నమూనాల పుస్తకం చూసి గీయడం తప్ప కొత్తది గీయడం అందరూ మరిచిపోయారు.

"మీ హంసలు ముసలివైపోయాయి, వాటిని ఇక విశ్రాంతి తీసుకోనివ్వండి" అని పొరుగు దేశాల వర్తకులు ఎగతాళి చేసి వెళ్ళేవారు.

ఆ మాట పడలేక ధర్మకేతు మహారాజు నల్లకొండ రాయిని తొలిపించి, కొండ మీదనే ఒక కొత్త చిత్రశాల కట్టించాడు. అందులో చేరిన పదిమంది విద్యార్థులను పిలిచి, "ఈ భవనమంతా తిరిగి చూడండి. మీకు ఇక్కడ కనిపించినదానితో తలా ఒక కొత్త నమూనా గీసి తెండి" అని చెప్పాడు.

లోపలికి వెళ్ళిన పదిమందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. మూడోనాడు భటుడొకడు కిటికీలోంచి తొంగి చూసి, పరుగెత్తుకొచ్చాడు. నడిమి గోడ మీద పదిమందీ బొమ్మలై అతుక్కుని ఉన్నారట. మంత్రులు భయపడి, భవనం కూల్చివేయమన్నారు. మరునాటి మధ్యాహ్నం గునపాలు వేయడానికి రాజు ఒప్పుకున్నాడు.

ఆ పదిమందిలో ఓబన్న ఒకడు. వాళ్ళ నాన్న బట్టలపై అద్దకానికి కొయ్య అచ్చులు చెక్కే పనివాడు. ఓబన్న చెల్లెలు చెంగల్వకు పన్నెండేళ్ళు. ఆ పిల్ల చేతికి కూడా ఉలి బాగా అలవాటు.

"అమ్మా, నేను వెళ్తాను" అంది చెంగల్వ పొద్దున్నే.

"వాడు పోయింది చాలదా తల్లీ?"

"గోడ కూలితే అన్నయ్య పొడైపోతాడమ్మా. మధ్యాహ్నం దాకా సమయముందిగా."

తల్లి దేవుడి ముందు దీపం వెలిగించి, పెరుగన్నం మూటకట్టి ఇచ్చింది. "భారం భగవంతుడి మీద వెయ్యి. కళ్ళు మాత్రం నువ్వే తెరుచుకోవాలి" అంది.

ఉలి, కొయ్యముక్క, నల్లరంగు ముంత తీసుకుని చెంగల్వ ముళ్ళపొదలు దాటి కొండ ఎక్కింది. వాకిట్లో ఏనుగు తొండమున్న పెద్ద రాతి సింహం నోరు తెరుచుకుని అడ్డంగా నిలబడింది.

"ఆగు. నాలో నీకేం కనిపిస్తోంది?" అని అది నోరు కదపకుండానే అడిగింది. "సింహమని మాత్రం చెప్పకు. ఆ పదిమందీ అదే చెప్పారు. విసుగుపుట్టి లోపలికి పొమ్మన్నాను. తర్వాత వాళ్ళ గతి ఏమైందో విన్నావుగా."

చెంగల్వ మునివేళ్ళ మీద నిలబడి దాని నోట్లోకి చూసింది. కోరల వెనక పిచ్చుక గూడు, అందులో మూడు పిల్లలు.

"నువ్వు కోపంతో నోరు తెరవలేదు. మూస్తే పిచ్చుకపిల్లలు బెదురుతాయని తెరిచి ఉంచావు. దవడలు నొప్పెట్టడం లేదూ?"

"నెలరోజులుగా నొప్పే" అంది సింహం దీనంగా. "అడిగినదానివి నువ్వొక్కతెవే. వెళ్ళమ్మా. నడిమి గోడలో నల్లకొండ యక్షుడున్నాడు, మర్యాదగా మాట్లాడు."

లోపల నూరు స్తంభాల మండపం అడవిలా ఉంది. రెండడుగులు వేసేసరికి స్తంభాలు చోట్లు మార్చుకున్నాయి. వచ్చిన దారి కనిపించలేదు. ఒక స్తంభం అడుగునున్న రాతి తాబేలు మెడ చాచి, "తొందరపడకు పాపా. ఇక్కడ తిరిగి తిరిగి నాకే కాళ్ళు అరిగిపోయాయి" అంది.

"నువ్వు రాతిదానివి కదా, తిరిగావా?"

"మాటవరసకు అన్నాన్లే. ఇక్కడ పొద్దుపోవాలి కదా."

చెంగల్వ నవ్వి, తాబేలు పక్కనే కూర్చుంది. అప్పుడు స్తంభం మొదట్లో గీసిన చిన్న చేప గుర్తు కనిపించింది. పక్క స్తంభానికి నెలవంక ఉంది. రాతిపనివాళ్ళు తాము చెక్కినదానికి తమ గుర్తు పెడతారని ఆమెకు తెలుసు. ఒక పనివాడికి వాకిలి నుంచి నడిమి గోడ దాకా ఒక వరుస అప్పగిస్తారని కూడా తెలుసు. స్తంభాలు ఎంత కదిలినా ఆమె తల ఎత్తలేదు. చేప గుర్తులనే వెతుక్కుంటూ, ఒకదాని నుంచి మరొకదానికి వెళ్ళి, నడిమి గోడ చేరింది.

గోడ మీద ఓబన్న బొమ్మ కుంచె పట్టుకుని తెల్లబోయి చూస్తోంది. చెంగల్వకు ఏడుపొచ్చింది.

"పదకొండో దానివా?" అని గోడ ఉరిమింది. రాతిలో రెండు పెద్ద కళ్ళు తెరుచుకున్నాయి.

"నమస్కారం తాతా. మా అన్నయ్య ఏం తప్పు చేశాడు?"

"నా కొండ రాయితో ఇంత భవనం కట్టారు. చూడ్డానికొచ్చిన పదిమందీ మెట్ల మీద కూర్చుని, పాత పుస్తకం విప్పి హంసలు గీసుకున్నారు. చూడకుండా బొమ్మ గీసేవాళ్ళు బొమ్మలే కావాలని శపించాను."

"వాళ్ళకు చిన్నప్పటినుంచి పుస్తకం చూసి గీస్తేనే శభాష్ అన్నారు తాతా. తప్పంతా పిల్లలదేనా?"

యక్షుడు పదిమంది బొమ్మల వైపూ కళ్ళు తిప్పి చూశాడు. పెద్దవాళ్ళం మనం కూడా దీనికి జవాబు వెతుక్కోవలసిందే.

"సరే. ఇక్కడ ఉన్నదాన్ని ఉన్నట్టు ఒక్క నమూనా చేసి చూపించు. నాకు నచ్చితే వదిలేస్తాను" అన్నాడు చివరికి.

కిటికీలోంచి ఎండ పడి, మెట్ల నీడ గోడ మీద రంపం పళ్ళలా పరుచుకుంది. ఆ నీడ అంచు వెంట చీమలబారు నూకలు మోసుకుంటూ కుడివైపుకు ఎక్కుతోంది. చెంగల్వ దాన్నే చెక్కసాగింది. ఇంతలో బయట గునపాల చప్పుడు మొదలైంది. అయినా ఆమె ఉలి ఆపలేదు.

అచ్చును రంగులో ముంచి గోడకు అద్దగానే ఆమెకు తన తప్పు తెలిసింది. అచ్చు మీద బొమ్మను ఎప్పుడూ కుడి ఎడమలు మార్చి చెక్కాలి, అప్పుడే బట్ట మీద సరిగా పడుతుంది. తొందరలో ఆమె చూసింది చూసినట్టే చెక్కేసింది. గోడ మీద చీమలు ఎడమవైపుకు వెళ్తున్నాయి.

యక్షుడి కళ్ళు విశాలమయ్యాయి. "రాతి లోపలి నుంచి నాకు చీమలు రోజూ ఇలాగే కనిపిస్తాయి. అందరూ అటువైపు నుంచే చూస్తారు. నా వైపు నుంచి చూడాలని నీకెలా తోచింది?"

కావాలనే అలా చెక్కానని చెబితే సరిపోయేది. అన్నయ్య బొమ్మ ఎదుటే ఉంది. చెంగల్వ తల దించుకుంది.

"తోచలేదు తాతా. పొరపాటు పడ్డాను. అచ్చు తిరగేసి చెక్కడం మరిచిపోయాను. మా నాన్న చూస్తే చెవి మెలిపెడతాడు."

ముందు యక్షుడి పెదవి కదిలింది. తర్వాత కడుపు కదిలింది. వెయ్యేళ్ళుగా దాచుకున్న నవ్వంతా ఒక్కసారిగా పొంగింది. గోడ ఊగిపోయి, పదిమందీ పండిన చింతకాయల్లా టపటపా రాలిపడ్డారు.

"నా కాలు తొక్కుతున్నావేంట్రా" అన్నాడు ఓబన్న పక్కవాడితో. చెంగల్వ అన్న చేయి గట్టిగా పట్టుకుంది.

పదకొండుమందీ వాకిట్లోకి రాగానే గునపాలు ఆగిపోయాయి. జరిగింది విని, రాజు స్వయంగా లోపలికి వెళ్ళి యక్షుడికి నమస్కరించాడు. చెంగల్వ పెద్దయ్యేదాకా చిత్రశాలలో చదివి, ఆ తర్వాత దానికి అధిపతి కావాలని శాసనం వేయించాడు.

ఆ ఏడు పాలవెల్లిలో చీమల చీరలు, పిచ్చుక గూళ్ళ దుప్పట్లు, తాబేళ్ళ తలపాగాలు వచ్చాయి. వర్తకులు బారులు తీరారు. తనకూ ఒక పంచె కావాలని యక్షుడు అడిగితే, పదిమంది విద్యార్థులూ నెల్లాళ్ళు కూర్చుని అరవై మూరల బట్టకు అద్దకం వేశారు. దాని మీద ఒక్క హంస కూడా లేదు.