మెట్ల లైటు న్యూట్రల్

కైకలూరు బజారులో శేషగిరిరావు గారిది చేపల మేత కొట్టు. బస్తాల మధ్య కూర్చునే తాళాలు నా చేతికిచ్చారు.

“ఇల్లు అద్దెకిస్తున్నానయ్యా ఫిన్నీ. లైట్ల బోర్డు మళ్ళీ కట్టెయ్యి. ఏ లైను న్యూట్రల్ ఆ లైనుకి వేరుగా ఉండాలి. ఆ ఇంట్లో మనిషి పోయాడు కదా, వచ్చేవాళ్ళు అడుగుతారు.”

“అలాగేనండీ,” అన్నాను, తలెత్తకుండా.

పోయినాయన సత్యానందం బాబాయి. వట్లూరులో నాకు పని నేర్పిన మనిషి. నేర్పుతూనే తిట్టేవారు. “ఎర్ర వైరు కరుస్తుందని అందరికీ తెలుసురా. నల్లది, న్యూట్రల్, నవ్వుతూ కరుస్తుంది. ముందు న్యూట్రల్స్ కాగితం మీద గీసుకో, తర్వాత స్క్రూడ్రైవర్ పట్టు.”

రెండేళ్ళ క్రితం ఆ ఇంటి వైరింగు నేనే చేశాను. చివర్లో మెట్ల లైటుకి నల్ల వైరు చాలలేదు. ఏలూరు వెళ్ళి తేవడానికి బద్ధకమేసింది. హాల్లో ఫ్యాను దగ్గరున్న న్యూట్రల్‌కే దీన్నీ కలిపి మెలిపెట్టి టేపు చుట్టేశాను. లైటు వెలిగింది. వెలిగితే చాలనుకున్నాను, నా బుద్ధి గడ్డి తిని.

పోయినేడు అదే ఫ్యాను మార్చడానికి బాబాయి ఒక్కరే వచ్చారు. హాలు లైనుకి కరెంటు ఆపే ఎంసీబీ దించారు. మెట్ల లైటు వేరే ఎంసీబీ మీద వెలుగుతూనే ఉంది. నల్ల వైర్ల మెలి విప్పగానే ఆ లైటు మీదుగా వచ్చిన కరెంటు ఆయన చేతిలోకి దిగింది. నిచ్చెన మీంచి పడ్డారు. మళ్ళీ లేవలేదు.

ఆ సాయంత్రమే ఎవరూ చూడకుండా మెలి మళ్ళీ కలిపి, ఆయన దించిన ఎంసీబీ ఎత్తేశాను. అడిగినవాళ్ళతో, “ఎంసీబీ దించకుండా చెయ్యి పెట్టి ఉంటారండీ,” అన్నాను. ఆయన భార్య అచ్చమ్మ పిన్ని అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళ అనుభవమున్న పనివాడు తన అజాగ్రత్తతో తనే పోయాడన్న మాట ఏడాదిగా ఆమె మోస్తోంది.

ఇప్పుడు ఆ మెలి తీసేసి మెట్లకి వేరే వైరు లాగేస్తే నా తప్పు ఇక ఎవరికీ తెలియదు. అందుకే ఈ పని ఒప్పుకున్నాను. సిగ్గులేకుండా.

ఇంటికి చేరేసరికి ముసురు పట్టింది. రొయ్యల చెరువుల మీంచి నీచు వాసన, దూరంగా నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు. మెయిన్ దించి, సెల్లు వెలుగులో కాగితం మీద గీశాను. హాలు, వంటిల్లు, రెండు గదులు, మెట్లు. ఐదు ఎంసీబీలు, అదే వరసలో ఐదు న్యూట్రల్స్. ఫ్యాను దగ్గర మెలి విప్పాను.

పైపులో వైరు లాగడానికి ఇద్దరుండాలి. పైనుంచి ఒకరు అందిస్తే కింద ఒకరు లాగుతారు. రెండుసార్లు గుంజితే ఆగమని. గోడల మధ్య మాటలు వినబడవు, మాకు అదే భాష. ఆ రోజు నేనొక్కణ్ణే. పైన వైరు చుట్ట విప్పి పరిచి, కొస పైపులో దింపిన లాగుడు తీగకి కట్టి కిందికొచ్చాను. వంపులో ఇరుక్కుంటుంది, నాలుగుసార్లయినా మెట్లెక్కాలి అనుకున్నాను.

ఇరుక్కోలేదు.

లాగిన కొద్దీ వచ్చింది. ఎవరో అందిస్తున్నట్టు...

నేను ఆగాను. వైరు ఆగలేదు. ఇంకో మూర వచ్చింది.

రెండుసార్లు గుంజాను. అలవాటు, అంతే.

ఆగింది.

తర్వాత అవతల నుంచి... రెండుసార్లు.

పైపు నోట్లోంచి కాలిన టేపు వాసన వేసింది. భయం కన్నా ముందు ఏడుపొచ్చింది. పైపుకి నోరు ఆన్చాను.

“బాబాయ్... మీరు ఎంసీబీ దించారు. తప్పు నాది. పిన్నికి చెప్తాను. రేపు పొద్దున్నే చెప్తాను...”

వైరు బిగుసుకుంది. నా వేళ్ళలోంచి జారుతూ మెల్లగా పైకి పోయింది. మొత్తం పోయింది. సెల్లులో ఆరుంబావు. ఇంటికి తాళమేశానో లేదో కూడా గుర్తులేదు.

తెల్లారగానే వట్లూరు వెళ్ళాను. పిన్ని వాకిట్లో బియ్యం చెరుగుతోంది. మోకాళ్ళ మీద కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె చాట పక్కన పెట్టింది.

“మళ్ళీ ఎందుకురా? నిన్న చెప్పావుగా.”

“నేను నిన్న రాలేదు పిన్నీ.”

“అదేంటి, ఆరు దాటాక వచ్చావు. కరెంటు లేదు, మొహం కనపడలేదు గానీ గొంతు నీదే. ‘బాబాయి ఎంసీబీ దించారు, తప్పు నాది’ అన్నావు. ఆ ఒక్క మాట కోసం ఏడాదిగా చూస్తున్నాను నాయనా. కొట్టాలనిపించింది. నువ్వు ఏడుస్తుంటే చూడలేకపోయాను. నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, క్షమించాను వెళ్ళు అన్నాను. వెళ్ళావు.”

ఆ వేళకి నేను కైకలూరులో, ఆ పైపు దగ్గర ఉన్నాను.

ఆమె మొహం తేటగా ఉంది. ఏడాదిలో అలా చూడలేదు. ఆ చెయ్యి ఒక్కసారి నా నెత్తిన పెట్టమని అడగాలనుంది. అడక్కుండానే లేచాను.

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది.

“అయినా నిన్న నిచ్చెన మీద నిలబడ్డట్టు అంత పొడుగున్నావేంట్రా? వంగమంటే వంగవు. స్టూలెక్కితే గానీ నీ నెత్తి అందలేదు.”