ఇరవైరెండు టిక్కెట్ల అనుమానం

"నా కార్డు నెంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

నీలిహంస ఫెర్రీ కంపెనీ కౌంటరు ముందు నిలబడి చిట్టిబాబు అడిగిన మొదటి మాట అది. నమస్కారం లేదు, పేరు చెప్పుకోవడం లేదు. అద్దానికి అవతల కూర్చున్న అమ్మాయి అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీసింది. అతని ముఖం చూసి మళ్ళీ పెట్టేసింది.

"మీ దగ్గరే ఉండాలి సర్. జేబులో చూసుకున్నారా?"

చిట్టిబాబుకి నవ్వు రాలేదు. అయితే చెయ్యి మాత్రం అతన్ని అడక్కుండానే జేబు తడుముకుంది. అది ఆమె చూసింది. చూసిందని అతనికి తెలిసింది. ఆ అమ్మాయి మెడలోని కార్డు మీద లహరి అని పేరుంది.

అతనిది బంబూఫ్లాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ వాడ. రోజూ ఎదురొడ్డున చాతం రేవు దాకా ఫెర్రీలో దాటి, డెలానీపూర్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా పని చేసి వస్తాడు. వాడలో వల వదిలి ఫైలు పట్టినవాళ్ళలో అతనే మొదటివాడు. కాబట్టి కరెంటు బిల్లు నుంచి కార్డు దాకా అక్షరమున్న ప్రతి వస్తువూ ముందు అతని చేతికే వస్తుంది. ఆ చేతిని వాడంతా నమ్మింది. నమ్మకం మోసేవాడికి అది ఎంత బరువో నమ్మినవాళ్ళకి తెలియదు.

ఈసారి వాళ్ళు తెచ్చింది ఒక కోరిక. దూరంగా హావ్‌లాక్ దీవికి ఓడలు పోతుంటే చూస్తూ ముప్పై ఏళ్ళుగా చేపలు ఎండబెట్టిన ఆడవాళ్ళు, ఒక్కసారి ఆ ఓడ ఎక్కాలనుకున్నారు. చిట్టిబాబుతో కలిపి మొత్తం ఇరవైరెండు మంది. ఎవరి టిక్కెట్టు వాళ్ళ కార్డు మీదే కొనాలని అతని తల్లి కాసులమ్మ పట్టుబట్టింది. ఒకరి కార్డు మీద ఇంకొకరు ఓడెక్కితే తిరిగొచ్చేదాకా ఆ మాట పడాల్సి వస్తుందని ఆమె వాదన. ఆన్‌లైన్ అమ్మకం మొదలైన రోజు పొద్దున్నే చిట్టిబాబు ఇంటి అరుగు మీద ఇరవైరెండు కార్డులు పేకముక్కల్లా పరుచుకుని కూర్చున్నాడు. ఓటీపీ వచ్చిన ప్రతి ఆడమనిషీ దాన్ని ఒడ్డు దాకా వినబడేలా అరిచి చెప్పింది.

వారం తర్వాత ఇరవైరెండు ఫోన్లకీ కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. కొనుగోలుదారుల వివరాలు కొన్ని బయటివారి కంటపడి ఉండవచ్చు, జాగ్రత్తగా ఉండండి. అందరూ ఫోన్లు పట్టుకుని వచ్చి ఏముందని అడిగారు.

"ఏమీ లేదు. ప్రయాణం తేదీ గుర్తుచేశారు," అన్నాడు చిట్టిబాబు.

ఇప్పుడు ఎవరి డబ్బు పోయినా పోయేది తన మాటే. ఆ భయంతోనే ఈ కౌంటరు ముందుకు వచ్చాడు.

లహరి ఓపికగానే వివరించింది. కార్డు నెంబర్లు కంపెనీ దగ్గర ఆగవు, నేరుగా బ్యాంకుకి పోతాయి. బయటివాళ్ళు చూశారంటే పేరు, ఫోన్ నెంబరు, ప్రయాణం తేదీ చూసి ఉంటారు, అంతే.

"ఆ సంగతి మీకెవరు చెప్పారు?"

"హెడ్డాఫీసు."

"వాళ్ళకెవరు చెప్పారు?"

"ఆ పైవాళ్ళు."

"ఆ పైన?"

"ఆ పైన దేవుడు సర్. ఆయన ఫోన్ నెంబరు మా దగ్గర లేదు. ఉంటే అదీ బయటపడేది."

చిట్టిబాబు ఫిర్యాదు రాసిచ్చి, రశీదు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు భోజనం వేళకి మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. చిన్న కాగితం మీద ప్రశ్నలు వరసగా రాసుకొచ్చేవాడు. ఆమె డబ్బా మూత తియ్యకుండా అతని కోసం చూడ్డం మొదలుపెట్టింది. ఎలాగూ మూసెయ్యాలి కదా అన్నది ఆమె చెప్పిన కారణం.

మూడో రోజు "కహియే భయ్యా, ఈరోజు ఏం పోయింది?" అంది.

ఈ దీవుల్లో కొట్టువాడి దగ్గర్నుంచి కండక్టరు దాకా అందరూ అందరికీ భయ్యాలే, అన్నలే. ఆ సంగతి చిట్టిబాబుకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. అయినా ఆ మాట చెప్పులో దూరిన ఇసుకరేణువులా రోజంతా గుచ్చుకుంది. ఎందుకని ఆలోచిస్తే జవాబు దొరికేలా ఉంది. అందుకని ఆలోచించలేదు.

నాలుగో రోజు ప్రశ్నలు అయిపోయాయి. తన లోపల జరుగుతున్నది అతను ఆశ్చర్యంగా గమనించుకున్నాడు. భయం కాస్త తగ్గినప్పుడల్లా ఆ ఖాళీలో ఆ అమ్మాయి వచ్చి కూర్చుంటోంది. అప్పుడు తనే భయాన్ని మళ్ళీ పిలుచుకుంటున్నాడు, కౌంటరుకి వెళ్ళడానికి ఏదో ఒక పని ఉండాలి గనక. అలా పిలుచుకుని, వెళ్ళి, సర్వరు ఏ ఊళ్ళో ఉందని అడిగాడు.

శుక్రవారం నాడు లహరి జవాబులు చెప్పడం మానేసింది. ఇంతమందిలో అతని ఒక్క ఫిర్యాదే ఇంకా తేలలేదని, మేనేజరు రోజూ అడుగుతున్నాడని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"సచ్ చెప్పండి, నిజంగా. మీరు భయపడేది మా గురించేనా?"

ఎవరూ అతన్ని అలా అడగలేదు. చిట్టిబాబు అద్దం మీద తన నీడని చూశాడు, ఆ నీడ వెనకాల ఆమె కళ్ళని చూశాడు, మెసేజ్ గురించి అబద్ధం చెప్పిన సంగతి మొత్తం చెప్పేశాడు.

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. ఆదివారం తనే వాడకొచ్చి ఆడవాళ్ళతో మాట్లాడతానంది. వద్దన్నాడతను. వాళ్ళకి తెలిస్తే ఇక తన చేతికి చీటీముక్క కూడా ఇవ్వరన్నాడు. పేరూ నెంబరూ దొరికిన దొంగ ముందుగా ఫోన్ చేస్తే ఏం చేస్తారని ఆమె అడిగింది. చిట్టిబాబు దగ్గర మొండితనం మాత్రం మిగిలింది. దాన్ని తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కాసులమ్మ చేపలు తోముతూ, ఎవడో హిందీ వాడు ఫోన్ చేశాడని మామూలుగా చెప్పింది. టిక్కెట్టు రద్దవకుండా ఉండాలంటే కార్డు మీది అంకెలు చెప్పమన్నాడట. చేతులు నీచుగా ఉన్నాయి, రేపు చెయ్యమని తను చెప్పిందట.

చిట్టిబాబు తల్లి ఫోన్ తీసుకుని ఆ రాత్రంతా తన దగ్గరే పెట్టుకున్నాడు. పొద్దున్నే కౌంటరుకి ఫోన్ చేసి, "రండి," అన్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆదివారం చాతం రేవులో వాన. లహరి తన ఇల్లున్న మిన్నీ బే నుంచి తడుస్తూ వచ్చింది. గొడుగు చేతిలోనే ఉంది గాని, దాని కింద ఒక కాగితాన్ని తడవకుండా కాపాడుతోంది. ఫెర్రీలో అతను దాన్ని చూశాడు. ఆమె చెప్పాలనుకున్న తెలుగు మాటలన్నీ హిందీ అక్షరాల్లో ఉన్నాయి.

"తెలుగు మాట్లాడతాను, రాయడం రాదు. మా ఇంట్లో అమ్మానాన్నలకీ అంతంతే," అంది. కాస్త సిగ్గుపడింది కూడా. "చదివి వినిపిస్తాను. తప్పులుంటే చెప్పండి చిట్టిబాబు గారూ."

భయ్యా పోయింది. ఎప్పుడు పోయిందో, చాతం ఒడ్డున దిగిపోయిందో, వానలో కొట్టుకుపోయిందో. రేవు పక్కనున్న రంపపు మిల్లు వైపు నుంచి తడిసిన కలప వాసన వస్తోంది. ఆమె చదువుతోంది. తప్పులు మూడున్నాయి. అతను ఒక్కటి కూడా చెప్పలేదు.

వాడలో తాటాకు పందిరి కింద ఆడవాళ్ళంతా కూర్చున్నారు. లహరి కాగితం తీసింది, రెండు ముక్కలు చదివింది, మడిచి పెట్టేసింది. కాసేపు తనే దొంగనంది. ఫోన్ చెవికి పెట్టుకుని కాసులమ్మ వైపు తిరిగి, "హలో దీదీ, మీ టిక్కెట్టు క్యాన్సిల్ అవుతోంది, జల్దీ నెంబర్ బతాయియే," అంది.

కాసులమ్మ హిందీలో మొదలుపెట్టి ఉత్తరాంధ్ర తెలుగులో ముగించిన తిట్లకి దొంగ పందిరి దాటి పారిపోవాల్సి వచ్చింది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. చిట్టిబాబు కూడా నవ్వాడు. ఈ వారంలో అదే మొదటిసారి.

నవ్వులు తగ్గాక లహరి, మంచిదానికి అందరం కార్డుల రహస్య పిన్ నెంబర్లు కూడా మార్చుకుందాం, రేవు దగ్గర ఏటీఎంకి వెళదాం అంది.

"ఇప్పుడున్న నెంబరు గుర్తుందో లేదో అందరూ ఒకసారి మనసులో అనుకోండి. పైకి చెప్పొద్దు."

ఆడవాళ్ళ తలలన్నీ ఒక్కసారిగా ఒడ్డు వైపు తిరిగాయి.

లహరి కూడా అటు చూసింది. ఒడ్డున పడవలు వరసగా ఉన్నాయి. ప్రతి పడవ ముక్కు మీదా రిజిస్ట్రేషన్ నెంబరు తెల్లరంగుతో జానెడు అంకెల్లో రాసి ఉంది. ఒక ముసలమ్మ చివరి నాలుగంకెల్నీ పెదాలతో చదువుకుంటోంది.

లహరి తన పక్కనున్నావిడ ఫోన్ తీసుకుని చూసింది. వాట్సాప్‌లో ఆవిడ ఫోటో లేదు. పడవ ఫోటో ఉంది. పక్కావిడదీ పడవే, ఆ పక్కావిడదీ పడవే. ఫోన్ నెంబరు దొరికిన ప్రతివాడికీ ఆ అంకెలు ఇంత పెద్దగా కనిపిస్తాయి.

"అంకెలు మరిచిపోతే ఒడ్డుకొచ్చి సూసుకోవొచ్చు గదమ్మా," అంది కాసులమ్మ గర్వంగా. "కార్డులిచ్చిన నాడు మా సిట్టిబాబే సెప్పేడు. ఆడి బుర్రే బుర్ర."

ఐదు రోజులు అద్దం ముందు నిలబడి అడిగిన ప్రశ్నలన్నీ ఎవరిని అడగవలసినవో చిట్టిబాబుకి ఇప్పుడు తెలిసింది. బహుశా ముందే తెలుసు. లోపల ఎక్కడో తెలిసే, దాన్ని తీసుకెళ్ళి ఆ అమ్మాయి కౌంటరు మీద పెట్టాడు. మనసు తన తప్పుని దాచుకోడానికి ఎంత దూరమైనా నడుస్తుంది, రోజూ ఫెర్రీ దాటైనా సరే.

లహరి అతని వైపు చూడలేదు. చూస్తే అందరూ చూస్తారని ఆమెకి తెలుసు.

"అప్పటికి మంచి ఉపాయమే అమ్మా. ఇప్పుడు దొంగలు కూడా చదువుకున్నారు, అందుకని మార్చుకుందాం," అంది.

అక్కడితో సరిపోయేది. అతని పరువు అతని దగ్గరే భద్రంగా ఉండేది. చిట్టిబాబు లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలియదు. బహుశా ఆమె దయ కింద దాక్కుంటే ఇక ఆ కళ్ళలోకి చూడలేనని కావచ్చు.

"ఉపాయం మంచిది కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు. తప్పు నాది," అన్నాడు. "ఆ మెసేజ్ ప్రయాణం తేదీ గురించి కాదు. మీ వివరాలు ఎవరో చూశారని. భయపడి అబద్ధం చెప్పాను."

కాసులమ్మ ముక్కు చీదుకుంది.

"నువ్వు అబద్దం సెప్పేవని మాకు తెల్దేటిరా? ఆ రోజు నీ మొకం సూసే అనుకున్నాం. బిడ్డ బయపడ్డాడు, ఆడే సెప్తాడులే అని ఊరుకున్నాం. నీ మొకాన్ని మాత్రం ఏ నెంబరూ ఏసి దాసలేవు."

ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఒకావిడ కరెంటు బిల్లు తెచ్చి ఎప్పట్లాగే అతని చేతిలో పెట్టింది, ఎలాగూ రేవుకి వెళుతున్నాం కదా అని. ఆ కాగితాన్ని చిట్టిబాబు తడవకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

ఏటీఎం ముందు వరస రోడ్డు దాకా వచ్చింది. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, లోకంలో ఎవరికీ చెప్పని ఒక మాటని అంకెలుగా మార్చుకుని, గుడిలోంచి వచ్చినంత గంభీరంగా బయటికొచ్చారు. అందరికన్నా చివర చిట్టిబాబు వెళ్ళాడు. అప్పటిదాకా అతని నెంబరూ నాన్న పడవదే.

పదిరోజుల తర్వాత నీలిహంస ఓడ హావ్‌లాక్ బయల్దేరింది. ఆడవాళ్ళందరూ జడల్లో పూలతో కిటికీల పక్కన చేరారు. ఓడ సిబ్బందిలో ఆ రోజు లహరి కూడా ఉంది. ఆ డ్యూటీ అడిగి వేయించుకుందని మేనేజరుకి తప్ప ఎవరికీ తెలియదు. డెక్ మీద రెయిలింగు పట్టుకుని నిలబడిన చిట్టిబాబు దగ్గరికి ఆమే వచ్చింది.

"మీ ఫిర్యాదు ముగించెయ్యనా? డబ్బు ఎవరిదీ పోలేదు. ఇంకేమైనా మిగిలిందా?"

"ఒకటుంది. నా కొత్త నెంబరు మీకు చెప్పాలనుంది."

లహరి అతని వైపు తిరిగింది. "ఎవరికీ చెప్పకూడదని అంతసేపు చెప్పాను కదా."

"అందుకే. ఇన్నాళ్ళూ అన్నీ దాచుకుంటూ, భయపడుతూ బతికాను. దాచకుండా ఉండాలని ఒక మనిషి దగ్గరే అనిపించింది."

అలల తుంపర ఇద్దరి ముఖాల మీదా పడింది. ఆమె తుడుచుకోలేదు. నవ్వు ఎటు దాచాలో తెలియక సముద్రం వైపు చూసింది.

"చెబితే మళ్ళీ మార్చుకోవాల్సి వస్తుంది."

"మార్చుకుంటాను. మళ్ళీ చెబుతాను."

"ఎన్నిసార్లు?"

"మీరు విన్నన్నిసార్లు."

ఆమె రెయిలింగు మీద చేతిని జరిపి అతని చేతి పక్కన పెట్టింది. రెండిటి మధ్యా ఒక కార్డు దూరేంత సందు మిగిలింది.

"ఆదివారం మా ఇంటికి రండి. నాన్నకి ప్రశ్నలడిగేవాళ్ళంటే ఇష్టం," అంది. "నెంబరు మాత్రం చెప్పొద్దు. నాకు తెలుగు రాయడం నేర్పండి, అది చాలు."

వెనక నుంచి కాసులమ్మ వచ్చింది. ఎప్పట్నుంచి వింటోందో ఎవరికీ తెలియదు. జడలోంచి పూలదండలో సగం తుంపి లహరి చేతిలో పెట్టింది. కొడుకు వంక ఒకసారి, అమ్మాయి వంక ఒకసారి చూసింది.

"ఇద్దరూ లోనకి రండి, తడిసిపోతారు. వొడియాలు తెచ్చేను," అని వెనుదిరిగి, రెండడుగులు వేసి ఆగింది. "ఆ నెంబరేదో నాకూ సెప్పకురా. ఇంక అది నాకెందుకు."

రెండు చేతుల మధ్య మిగిలిన సందు అప్పటికి లేదు.