వాసన లేని ఉద్యోగం

త్రివేణి ఇంట్లో బట్టలకు రెండు బకెట్లు. ఎర్రది ఇంటిల్లిపాదికీ. నీలంది మాత్రం మొగుడు దయాకర్ అంగీలకే. పెళ్లయిన కొత్తలో తెలియక అన్నీ కలిపి నానబెడితే, ఆమె పట్టుచీర కూడా కుళ్లిన చేపల కంపు కొట్టింది. ఆరోజు ఆమె ఏడుస్తుంటే దయాకర్ నవ్వి, అది పిరిడిన్ అనీ, మందు పొడిలో తేమ ఎంతుందో తేల్చే పరీక్షలో వాడతారనీ చెప్పాడు. పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి ఆ బకెట్టు జోలికి ఇంకో గుడ్డ పోలేదు.

ఒకనాడు పొద్దున ఎప్పటిలాగే దయాకర్ టిఫిన్ బాక్సు పట్టుకుని, ఎనిమిదింపావుకు చిలుకానగర్ సందులోంచి స్కూటర్ మీద నాచారం కంపెనీకి బయల్దేరాడు. త్రివేణి నిన్నటి అంగీని నీలం బకెట్టులో ముంచబోయి ఆగింది. అంగీకి ఆ వాసన దాదాపు లేదు. చెమట ఉంది, సబ్బు ఉంది, అంతే. తనకే జలుబు చేసిందేమో అనుకుని నానబెట్టేసింది.

ఆ వాసన అందరికంటే ఎక్కువ తెలిసింది అత్త వెంకటనర్సమ్మకు. చూపు మందగించి ఆరేళ్లయింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని, స్కూటర్ ఆగిందో లేదో ముక్కు ఎగబీల్చి, "దయ వచ్చిండు, చాయ పెట్టు త్రివేణీ" అనేది. పక్కింటి సత్తమ్మ ముక్కు మూసుకుంటే కోపం వచ్చేది. తన కొడుకు దగ్గర మందుల వాసన వస్తుందనీ, వాడు సంతకం పెడితే తప్ప మందు దేశం దాటదనీ గొప్పగా చెప్పేది. దయాకర్ మితభాషి. చెప్పులు విడిచి నేరుగా లోపలికి పోయేవాడు. అతని రాకను వాసనే చెప్పేది కాబట్టి, అతను చెప్పాల్సిన అవసరం పడలేదు.

ఆ సాయంత్రం దయాకర్ అరుగు దాటి లోపలికి పోతుంటే వెంకటనర్సమ్మ మొహం తిప్పింది.

"ఎవరు వచ్చిన్రు?"

దయాకర్ గడపలోనే ఆగిపోయాడు. "నేనే అమ్మా" అన్నాడు. తనను వేరే సెక్షన్‌కు మార్చారనీ, అక్కడ ఆ మందులు వాడరనీ ఏదో సర్దిచెప్పాడు. ముసలామె సరేనంది కానీ, చాయ పెట్టమని మాత్రం అనలేదు.

మర్నాడు సాయంత్రం అతను వస్తూనే సందంతా గుప్పుమంది. వెంకటనర్సమ్మ చెయ్యి చాచి కొడుకు చొక్కా చేతిని అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. వదిలేసింది.

"ఇది నీ వాసన గాదు కొడుకా. గోడలకు రంగులేసేటోళ్ల వాసన."

త్రివేణి పోయి స్కూటర్ డిక్కీ తెరిచింది. గుడ్డలో చుట్టిన చిన్న సీసా దొరికింది. ఉప్పల్‌లో రంగుల దుకాణంలో కొన్న థిన్నర్. పద్దెనిమిదేళ్లు మందుల నమూనాల్లో లోపాలు పట్టినవాడి నమూనా, చూపు లేని తల్లి దగ్గర ఒక్క క్షణంలో ఫెయిలైంది.

"పని పోయి ఎన్ని దినాలైంది?" అంది త్రివేణి.

"నలభై."

అక్కడే అరుగు మీద కూలబడి చెప్పుకొచ్చాడు. కంపెనీని ఎవరో పెద్దవాళ్లు కొని, ల్యాబును విశాఖపట్నం వైపు కొత్త ప్లాంటుకు తరలించారు. ముప్ఫై లోపు వయసున్నవాళ్లనే తీసుకుపోయారు. ల్యాబులోంచి తెచ్చుకున్న కాస్త పిరిడిన్‌ను ఇన్నాళ్లూ అంగీకి చిలకరించుకున్నాడు, మొన్నటితో అదీ అయిపోయింది. తనతో పనిచేసిన సురేష్ కంప్యూటర్ మీద మెడికల్ కోడింగ్ నేర్చుకుంటుంటే తనూ వారం పోయాడు. పక్క కుర్చీల్లోని పిల్లలు అంకుల్ అని పిలుస్తుంటే వేళ్లు కదల్లేదట. జూనియర్ కాలేజీలో అడిగితే ఎమ్మెస్సీ ఉందా అన్నారు. తనది బీఎస్సీ. మిగిలినది ఒక్కటే. మేడిపల్లిలో నీళ్ల ప్లాంటు. లైసెన్సు కోసం వాళ్లకో కెమిస్టు కావాలి. జీతం సగం కూడా ఉండదు. వారం నుంచి ఫోన్లు చేస్తున్నారు. తను అవుననలేదు.

"రేపటితోటి గడువు అయిపోతది. వేరేటోన్ని పెట్టుకుంటరట," అన్నాడు. "ప్రాణం నిలబెట్టే మందుకు సంతకం పెట్టినోన్ని. ఇప్పుడు క్యాన్ల కాడ కూసోవాల్నా?"

"కూసుంటవో లేదో తర్వాత," అంది త్రివేణి. గొంతు పెంచలేదు. "ఎన్నేండ్ల సంది నీ అంగీ వేరే బకెట్ల నానబెడుతున్న నేను? ఇంత సంగతి నాకు జెప్పనీకి నీకు నోరు రాలే. ముసలామెను మోసం జెయ్యనీకి మాత్రం సీసా కొన్నవు."

దయాకర్ తల వంచుకున్నాడు. వెంకటనర్సమ్మ అతని వైపు జరిగింది.

"మీ నాయిన మిల్లు బందైనప్పుడు నువ్వు చిన్నోనివి. అప్పటిదంక ఆయనంటే మిషన్ నూనె వాసనే. మిల్లు పోయినంక ఉల్లిగడ్డల మండీల మూటలు మోసిండు. పొద్దుమీకి ఉల్లిగడ్డ వాసనతోని వస్తే ఎవరో పరాయోడు వచ్చినట్టుండేది నాకు. నెల దినాలల్ల అలవాటైంది. మనిషి ఇంటికొస్తే సాలు, ఏ వాసనతోని వస్తే ఏంది?"

చేత్తో తడుముతూ కొడుకు మోకాలు పట్టుకుంది.

"ఫికర్ ఒక్కటే నాకు. నీళ్లకు వాసనుండదు గదా దయా. స్కూటర్లు ఈ సందుల ఎన్నో ఆగుతయి. మరి నువ్వు వచ్చింది నాకెట్ల తెలుస్తది?"

ఇన్నేళ్లలో తను ఒక్క సాయంత్రం కూడా తల్లిని గుమ్మంలో పలకరించలేదని దయాకర్‌కు అప్పుడు గుర్తొచ్చింది. వాసన తల్లిని చేరేది, తను మంచాన్ని చేరేవాడు. త్రివేణి కొంగుతో కళ్లు ఒత్తుకుని లేచి, సీసాలో మిగిలిన థిన్నర్‌ను బయట మట్టిలో ఒంపేసింది. తర్వాత ఫోను తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

మేడిపల్లిలో చేరిన మొదటి రోజు పొద్దంతా దయాకర్ గాజు గొట్టాల్లో నీళ్లు పోసి పరీక్షించాడు. రంగు లేదు, రుచిలో తేడా లేదు, వాసన లేదు అని రాసి, కింద సంతకం పెట్టాడు. సంతకం పెట్టిన చెయ్యి పాతదే. ఈ నీళ్లు తాగేదీ మనుషులే కదా అనిపించింది.

సాయంత్రం స్కూటర్‌ను ఎప్పటిలా ఇంటి ముందు కాకుండా సందు మలుపులోనే ఆపి నడిచి వచ్చాడు. అరుగు మీద తల్లి మొహం ఎత్తి గాలిలో వెతుకుతోంది. గాలిలో ఏమీ లేదు. గొంతు సవరించుకున్నాడు. నలభై రెండేళ్లవాడికి సిగ్గేసింది.

"అమ్మా, నేనొచ్చిన."

ముసలామె మొహం అటు తిరిగింది. లోపల, రెండు బకెట్ల బట్టలూ ఒక్కదాంట్లో వేస్తున్న త్రివేణి చెయ్యి ఆగింది.

"ఇనొచ్చింది కొడుకా," అంది వెంకటనర్సమ్మ. "ఇంకొక్కపారి పిలువు."