షామా ఆపేసిన రొట్టెల పలకలు

"ఆగండాగండి! ఆ పలక ఎక్కడికి?"

మధ్యాహ్నం బడి వదిలారు. సంచి ఇంకా భుజాన ఉండగానే షామా సందు మధ్యలో చేతులు చాపి నిలబడింది. ఎదురుగా పొరుగింటి పెద్దావిడ లల్లా జహూర్. ఆవిడ చేతుల్లో చెక్క పలక, దాని మీద గుడ్డ కప్పిన పచ్చి రొట్టెలు.

"ఎక్కడికేంటే? బట్టీకి. రొట్టెల్ని ఎవరైనా బడికి తీసుకెళ్తారా?" అంది లల్లా.

ఫెజ్ నగరం పాతబస్తీలోని మా సందులో పిండి ఎవరింట్లో వాళ్ళే పిసుకుతారు. కాల్చడం మాత్రం మెట్ల పైనున్న బా అల్లాల్ బట్టీలో. మా తాతల నాటి నుంచీ అంతే.

షామా పైకి చెయ్యి చూపింది. బట్టీ గొట్టంలోంచి పొగ నల్లగా లేస్తోంది.

"చూడండి, ఎంత పొగో! గాలంతా పాడైపోతోంది. ఇంట్లో ఒక్కో అలవాటు మార్చుకుంటే కార్బన్ తగ్గుతుందని మా టీచర్ చెప్పారు. మీకు గ్యాస్ ఓవెన్ ఉంది కదా?"

"ఉంది. అందులో గిన్నెలు పెట్టుకున్నా."

"గిన్నెలు తీసేసి రొట్టెలు పెట్టండి!"

లల్లా ఆలోచించింది. బట్టీకి వెళ్ళాలంటే మెట్లెక్కాలి. ఆవిడ మోకాళ్ళు ఈ మధ్య మాట వినడం లేదు.

"పెద్ద చదువే చదువుతున్నావు తల్లీ," అని నవ్వి వెనక్కి తిరిగింది.

ఇక షామాని పట్టేవాళ్ళు లేరు. ఈ పిల్ల ఏదైనా పట్టుకుందంటే వదిలే రకం కాదు. వాళ్ళమ్మనైతే మొదటి రోజే ఒప్పించేసింది. తర్వాత ఇంటింటికీ తిరిగింది. నెల తిరక్కుండానే సందులో చాలా ఇళ్ళు బట్టీ మానేశాయి.

ఎవరింట్లో ఏం మార్చుకున్నారని టీచర్ అడిగితే, క్లాసులో ఒకరు అనవసరంగా లైట్లు వెయ్యట్లేదన్నారు. ఇంకొకరు స్నానానికి నీళ్ళు తక్కువ కాచుకుంటున్నామన్నారు. షామా లేచి, "మా సందులో చాలా ఇళ్ళు కట్టెల పొగ మానేశాయి టీచర్!" అంది. టీచర్ మురిసిపోయి, గోడ మీది కాగితం చెట్టుకి షామా పేరు రాసిన ఆకు అంటించారు. అందరి ఆకుల కంటే అదే పెద్దది.

అందరూ చప్పట్లు కొట్టారు. పక్కన కూర్చున్న తూదా మాత్రం కొట్టలేదు. తూదా బా అల్లాల్ కూతురు. రోజూ ఇంటర్వెల్లో ఇద్దరూ ఒకే రొట్టె తుంచుకు తినేవారు. ఆ రోజు తూదా తన ముక్క తాను తీసుకుని దూరంగా వెళ్ళిపోయింది.

'కుళ్ళు!' అనుకుంది షామా. అనుకుందే గానీ, తన ముక్క తినకుండా సంచిలో పెట్టేసుకుంది.

ఆదివారం వాళ్ళమ్మ పొయ్యి ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"గ్యాస్ అప్పుడే అయిపోయిందా! మొన్ననే కదా మార్చాం. షామా, కొట్టుకెళ్ళి ఇంకోటి పట్రా."

షామా ఖాళీ సిలిండర్‌ని చిన్న చక్రాల బండి మీద పెట్టుకుని వెళ్ళింది. కొట్టు ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఇదివరకు బట్టీకి పలకలు మోసిన పిల్లలే. ఇప్పుడు అందరి దగ్గరా సిలిండర్లున్నాయి.

"ఏంటర్రా, మీ సందంతా రొట్టె మానేసి గ్యాస్ తింటున్నారా?" అన్నాడు కొట్టతను. "ఇదివరకు వారానికోసారి మోసేది నా గాడిద. ఇప్పుడు రోజు విడిచి రోజు మోస్తోంది. నన్ను కరవడం ఒక్కటే తక్కువ!"

అందరూ పకపకా నవ్వారు. షామా కూడా నవ్వబోయి, మధ్యలో ఆగిపోయింది. తలెత్తి బట్టీ గొట్టం వైపు చూసింది. పొగ ఏమీ తగ్గలేదు. ఎప్పట్లాగే లేస్తోంది.

బండి అక్కడే వదిలేసి మెట్లెక్కింది.

బట్టీ నోటి దగ్గర బా అల్లాల్ కట్టెలు ఎగదోస్తున్నాడు. లోపల అంత విశాలమైన నేల మీద ఓ మూల మాత్రం కాసిని రొట్టెలున్నాయి.

"రా తల్లీ, రా. ఎన్నాళ్ళకి కనిపించావు! అమ్మ కులాసానా?" అన్నాడాయన.

షామాకి ఎక్కడ చూడాలో తెలియలేదు. ఇంతలో వెనక గదిలోంచి తూదా బయటికొచ్చింది.

"మూతపడిందో లేదో చూసిపోడానికి వచ్చావా?"

"అది కాదే... రొట్టెలు ఇన్నే ఉన్నాయి కదా, మరి పొగ?"

"కొన్ని రొట్టెలేనని బట్టీ కొంచెమే వేడెక్కుతుందా? ఎన్ని పెట్టినా కట్టెలు అంతే కావాలి. అందరిళ్ళకీ తిరిగావు, నన్నొక్కదాన్ని అడగలేకపోయావా?" తూదా ఓ కట్టె తీసి బట్టీలోకి విసిరింది. "నెలాఖరుకి మూసేస్తానంటున్నాడు నాన్న. మేం కొండల్లో మా ఊరెళ్ళిపోతాం. నువ్వు నీ ఆకు చూసుకుంటూ ఉండు!"

షామా కిందికి దిగింది. దాదాపు ప్రతి వంటింటి కిటికీలోంచీ రొట్టె కాలే వాసన వస్తోంది. ఒక్కో ఇంట్లో నాలుగేసి రొట్టెల కోసం ఒక్కో మంట. పైన ఆ పెద్ద మంట ఎలాగూ మండుతూనే ఉంది.

'ఒక్క మంట ఆర్పుదామని ఇంటికో మంట పెట్టించానా!' అనుకునేసరికి ఏడుపొచ్చేసింది. తూదా వెళ్ళిపోతుందన్న మాట అంతకంటే బాధగా ఉంది.

"సిలిండర్ ఏదే?" అంది అమ్మ.

"కొట్టు దగ్గరే ఉంది, తెస్తాను. కానీ రేపట్నుంచి మన రొట్టె బట్టీకేనమ్మా."

"వద్దని నా ప్రాణం తీసింది నువ్వే కదే!"

"నేనే. తప్పు చెప్పాను."

మర్నాడు క్లాసులో అదే మాట చెప్పింది. అమ్మ ముందు చెప్పినంత తేలిగ్గా రాలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. టీచర్ నవ్వలేదు.

"పొగ నిజంగా తగ్గిందా అని నేనైనా అడగాల్సింది," అన్నారు. "అడక్కుండానే ఆకు అంటించేశాను."

బడి వదలగానే షామా మళ్ళీ ఇంటింటికీ తిరిగింది. ఈసారి ఎవరూ మురిసిపోలేదు. 'మాకు ఇంట్లోనే హాయిగా ఉంది' అన్నారొకరు. ఇంకొకరు మొహం మీదే తలుపేశారు.

"అప్పుడు గ్యాస్ అన్నావు, ఇప్పుడు బట్టీ అంటున్నావు," అంది లల్లా జహూర్. "రేపు పచ్చి పిండే తినమంటావా?"

"మీ పలక నేను మోస్తాను లల్లా."

"రోజూనా? వానొచ్చినా?"

"వానొచ్చినా."

లల్లా ఆ పిల్లని ఎగాదిగా చూసింది. తర్వాత లోపలికెళ్ళి పలక తెచ్చి ఇచ్చింది.

పలక అనుకున్నదానికంటే బరువుగా ఉంది. రొట్టెలు జారకుండా పట్టుకుని, "తప్పుకోండి, తప్పుకోండి!" అని అరుస్తూ షామా మెట్లెక్కింది. బట్టీ గుమ్మంలో తూదా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఇది లల్లా జహూర్ వాళ్ళది కదా?"

"ఊఁ. మాది కూడా తెస్తాను."

తూదా పలక అందుకుంది. బా అల్లాల్ రొట్టెల్ని ఒక్కొక్కటే లోపలికి నెట్టాడు. తూదా వంగి చూసింది.

"లోపల ఇంకా చాలా ఖాళీ ఉంది," అంది. కోపం పూర్తిగా పోలేదు గానీ, వెళ్ళిపొమ్మన్నట్టు మాత్రం లేదు.

షామా ఎర్రబడ్డ అరచేతుల్ని గౌనుకి రుద్దుకుంది. గబగబా మెట్లు దిగి, ఇందాక మొహం మీద తలుపేసిన ఇంటి ముందుకెళ్ళి మళ్ళీ తలుపు తట్టింది.