దగ్గు తీసేసిన పాట

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక సందులో, మేడ మీద నాదొక చిన్న రికార్డింగు గది. ప్లాట్లు అమ్మేవాళ్ల మైకు ప్రకటనలు, బతుకమ్మ పాటలు చేస్తుంటాను. ఒక మధ్యాహ్నం అంజిలయ్య బాపు ఒక పాత క్యాసెట్ తెచ్చాడు. ఆయన వాళ్ల చర్చికి పెద్ద. చెల్లెలు మరియ అక్కడ కాళ్లతో తొక్కే హార్మోనియం వాయించేదట. క్షయతో పోయి ఇరవై ఏళ్లట. ఆదివారం చర్చి పండుగకు ఆమె పాట వినిపించాలని ఆయన కోరిక.

"పాట ఉంచు సంతోషీ. దగ్గు తీసెయ్" అన్నాడు.

క్యాసెట్‌లో దగ్గు తీస్తే స్వరాలూ పోతున్నాయి. అందుకని కంప్యూటర్లోని ఆర్గాన్‌తో ఆ నాదాన్నే కొత్తగా కట్టడం మొదలుపెట్టాను. తిత్తిలోంచి జారే గాలి కొంచెం, వేళ్ల కింద మెట్ల టకటక కొంచెం, అడుగున సన్నని వణుకు. గంటలో అచ్చం ఆ హార్మోనియమే పలికింది.

మెట్టు మీంచి వేలు తీశాను. స్వరం ఆగింది. దాని వెనకే... తెమడ లాగిన చప్పుడు.

ఇది క్యాసెట్ కాదు. నేను కట్టిన శబ్దం. గాలి తగ్గించాను. చప్పుడు దగ్గరయింది. పూర్తిగా తీసేశాను. చెవి పక్కనే ఎవరో తెమడను నోట్లోకి తెచ్చుకుని... అక్కడే తిప్పుతున్నారు. కడగని రోగి గిన్నె వాసన. చెవికి తడి తగిలింది. హెడ్‌ఫోన్ లాగితే పచ్చటి జిగురు తీగలా సాగి చెంపకు అంటుకుంది. చున్నీతో తుడుచుకుని, ఆ చున్నీని మూలకు విసిరేశాను.

వెనక కుర్చీలో అంజిలయ్య ముక్కు మూసుకుని కూర్చున్నాడు. తల ఎత్తకుండా చెప్పాడు. ఆమె దగ్గుతూ వాయిస్తుంటే జనం అసహ్యించుకునేవారట. ఒక ఆదివారం పాట మధ్యలోనే ఆయన ఆమెను రెక్క పట్టి లేపాడట.

"ఉమ్మనియ్యలేదా, బాపూ?" గొణిగాను.

"అందరు జూస్తున్నరని... నోట్లె తువ్వాల కుక్కిన."

చెంప మీది జిగురు కంటే ఆయన్ని చూస్తేనే ఎక్కువ రోత పుట్టింది. అయినా ఆయన ఏడ్చి బతిమాలితే కాదనలేకపోయాను. స్వరానికీ స్వరానికీ మధ్య ఉన్న చప్పుడును ఒక్కొక్కటే కోసేసి, పాట శుభ్రం చేసి ఇచ్చాను.

ఆదివారం చర్చిలో ఆ పాట పెట్టారు. ఒక్క దగ్గు లేదు. అంజిలయ్య కళ్లు తుడుచుకున్నాడు. పాట ఆగింది.

ఆ నిశ్శబ్దంలో నూరు మందీ ఒక్కసారే గుటక వేశారు.

నేనూ వేశాను. చల్లగా, జిగటగా దిగింది... అది నా నోట్లో ఊరింది కాదు.