గొర్రెల బడిలో చీటీలు

మా ఊళ్ళో సర్కారు డబ్బుతో విడిగా నడిచే రెండు చార్టర్ బడులను పోల్చుతూ వారపత్రికలో వచ్చిన వ్యాసం చదివి, కాఫీ కూడా తాగకుండా ఆ పత్రిక ఆఫీసుకు వెళ్ళాను. ఏటి ఒడ్డు బడికి ఐదుకు ఐదు చుక్కలు, మా బడికి రెండు. పైగా ఒకటో తరగతి గది ఖాళీగా ఉందని రాశారు. ఆ తరగతి టీచర్ని నేనే.

రాసినావిడ పేరు సోల్వెగ్. మినియాపొలిస్ నుంచి ఆరేళ్ళ కూతురు టూవాతో కొత్తగా వచ్చింది. భర్త లేడు.

"ఖాళీగా ఉంటే నిండుగా ఉందని రాయమంటారా మాస్టారూ?"

"మీరొచ్చింది గొర్రెలు ఈనే వారం. పిల్లలంతా బడి వెనక మా గొర్రెల కొట్టంలో పాఠం నేర్చుకుంటున్నారు. వెనక తలుపు తీసి చూడాల్సింది."

ఆవిడ ముఖం ఎర్రబడింది. అది చూసి నా కోపం సగం చల్లారింది. వచ్చే ఏడాదికి ఇరవై దరఖాస్తులు రాకపోతే నా తరగతి ఎత్తేస్తారని, నేను ఊరు వదలాల్సిందేనని చెప్పాను.

మర్నాడు జోరువానలో తల్లీకూతుళ్ళు కొట్టానికి వచ్చారు. టూవా గొర్రెపిల్లల్ని రెండేసి చొప్పున లెక్కపెట్టింది. సోల్వెగ్ ఒకదానికి పాలు పడుతుంటే ఇంకొకటి ఆమె కోటు అంచు నమిలేసింది, ఆమె పగలబడి నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు ఊరు వదలాలనిపించలేదు. తర్వాతి వారం పత్రికలో సోల్వెగ్ మా బడి గురించి మళ్ళీ రాసింది, ఈసారి చుక్కలు లేవు. మొదటి వాక్యంలోనే తప్పు ఒప్పుకుంది.

ఇరవై సీట్లకు ఇరవై ఒక్క దరఖాస్తులు వచ్చాయి. నా తరగతి నిలిచింది. కానీ మా బడి చరిత్రలో మొదటిసారి చీటీలు తీయాల్సి వచ్చింది. ప్రిన్సిపాల్ హాగెన్ గారు చర్చిలో బింగో ఆటకు అంకెల బంతులు వేసి తిప్పే తీగ పంజరం అరువు తెచ్చారు. నా చేత్తోనే తిప్పాను. ఇరవై చీటీలు బయటికొచ్చాక లోపల మిగిలిన ఒక్క చీటీ టూవాది.

"నా వ్యాసమే నా కూతురి సీటుకు ఎసరు పెట్టింది," అంది సోల్వెగ్, బయట మెట్ల మీద. నవ్వుతూనే అంది గానీ కళ్ళు తడిగా ఉన్నాయి.

"టీచర్ల ఇంటి పిల్లలకు చీటీ అక్కర్లేదు, విడిగా సీటిస్తారు. అలా ఒక రూలుంది."

"నేను టీచర్ని కాదుగా."

"నేనున్నాను." అన్నాను. "సీటు కోసం కాదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా అని కొట్టంలో మిమ్మల్ని చూసిన రోజు నుంచే అడుగుదామనుకుంటున్నాను."

సోల్వెగ్ కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా భుజం మీదుగా, వెనక తలుపు దగ్గరున్న హాగెన్ గారిని అడిగింది. "ఆ రూలుకు పెళ్ళి కాగితం ఎప్పట్లోగా ఇవ్వాలండీ?"

"బడి తెరిచేలోగా," అన్నారావిడ, పంజరం చంకన పెట్టుకుని. "ఎలాగూ ఇది ఇచ్చెయ్యడానికి చర్చికే వెళ్తున్నాను. ఆగస్టులో ఏ శనివారం ఖాళీగా ఉందో కనుక్కొస్తాను."