బొట్టు పెట్టిన చేప

ఇనపచేపల పొట్టలు దులిపే పని సగంలో ఉంది. కొల్లేరు నీరు పాడయ్యాక సర్కారు వదిలిన యంత్రాలవి. కాగితాల్లో వాటి పేరు ‘మలినభక్షులు’. వేలెడంత ఉంటాయి. నీట్లో ఎక్కడ రంగో రసాయనమో తగిలినా గుంపుగా పోయి కొరికి మింగేస్తాయి. ఒకప్పుడు చేపలు పట్టిన లంక జనమే ఇప్పుడు వీటిని వలతో ఎత్తి, పొట్టలోని నల్ల బురద డబ్బాల్లోకి దులిపి, మళ్లీ నీట్లో వదులుతున్నారు. అదీ ఒక బతుకే, ఏదో ఈడుస్తున్నారు.

ఆ దులపడంలోనే నాంచారమ్మ చేతికి మెత్తగా ఏదో తగిలింది. బొచ్చె చేపపిల్ల! ప్రాణంతో కొట్టుకుంటోంది. పక్క పడవలో ఉన్న మొగుడు పెద్దింట్లును చెయ్యూపి పిలిచింది. దాన్ని చూసి ఇద్దరూ ఏడ్చేశారు.

ఏడవరూ మరి? కొల్లేట్లో ప్రాణి లేదని తేల్చేసి, లంక ఖాళీ చేయించి, జనాన్ని పట్నం మేడల్లోకి తరలించడానికి ఆ పూటే తనిఖీ అధికారిణి వస్తోంది. బతికున్న చేపను ఒక్కదాన్ని చూపిస్తే చాలు, ఊరూ వేటా వాళ్లవేనని ఉత్తర్వులోనే ఉంది.

చేపను వలసంచిలో వేసి, పడవ పక్కనే నీట్లో కట్టబోయింది నాంచారమ్మ.

“ఉత్తినే కట్టేస్తావా? తొలి చేప కదే,” అన్నాడు పెద్దింట్లు.

తొలి వేటలో పడిన మొదటి చేపకు పసుపు రాసి, బొట్టు పెట్టి నీటికి అప్పగించడం లంకలో ఆనవాయితీ. ఆ ముచ్చట తీరి ఎన్నేళ్లయిందో! ఆవిడ పడవను ఒడ్డుకు చేర్చి, పరుగున ఇంటికెళ్లి భరిణె తెచ్చి నిండుగా కుంకుమ పెట్టి, సంచిని నీట్లో కట్టింది. బజారు కుంకుమ, వట్టి రంగు. ఆ సంగతి వాళ్లకు తట్టలేదు. ఎవరికి మాత్రం తడుతుంది?

అధికారిణి వచ్చేసరికి వలసంచి చుట్టూ నీళ్లు కుతకుతలాడుతున్నాయి. పెద్దింట్లు దూకి సంచి పైకెత్తాడు. వలకళ్లలోంచి దూరిన ఇనపచేపలు బిలబిలా రాలాయి. అడుగున ముల్లు మిగిలింది.

అధికారిణి చెడ్డ మనిషేం కాదు. చేతిలోని పలక మీద ‘రంగు మలినం తొలగించబడినది’ అని చదువుకుని, ముల్లును వేలితో తాకి చూసింది. తను నమ్ముతున్నాననీ, ఉత్తర్వు మాత్రం ప్రాణమున్నదాన్నే అడుగుతోందనీ మెల్లగా చెప్పింది.

నాంచారమ్మ వాదించలేదు. “ఇన్నేళ్లకి ఇంటికొచ్చింది తల్లీ. బొట్టు పెట్టకుండా ఎట్టా ఉంటాను?” అంది.

సామాన్లు కట్టుకుంటూ లంకంతా ఆవిడనే తిట్టిపోసింది. బొట్టు సంగతి గుర్తుచేసింది మొగుడేనని ఆవిడ ఎవరితోనూ అనలేదు. ఆయనా నోరు విప్పలేదు.